విజయవాడ, గుంటూరులో ఫ్లింట్‌లాక్ టార్గెట్ రైఫిల్: కొనడం, కాల్చడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లింట్‌లాక్ రైఫిల్ మీద మనసు పడినవాళ్లు మన రెండు ఊళ్లలో కొద్దిమందే ఉంటారు. ఆ కొద్దిమందీ దాదాపు ఒకే ప్రశ్నలు అడుగుతారు, అదీ తలకిందుల వరుసలో. ఏ మోడల్ కొనాలన్నది మొదట అడుగుతారు, లైసెన్సు సంగతి ఆఖరున గుర్తొస్తుంది. ఇక్కడ ఆ వరుసను సరిచేసి రాశాను.

ఫ్లింట్‌లాక్ అంటే ఏమిటి? రీప్రొడక్షన్ అంటే బొమ్మ తుపాకేనా?

కాక్ అంటే స్ప్రింగుతో ముందుకు దూకే సుత్తిలాంటి భాగం. దాని దవడల మధ్య ఒక చెకుముకి రాయి బిగించి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే అది ముందుకు దూకి, ఫ్రిజెన్ అనే ఉక్కు పలకను గీరుతుంది. ఆ దెబ్బకు పలక తెరుచుకుంటుంది, నిప్పురవ్వలు కింద పాన్ అనే చిన్న గిన్నెలో ఉన్న రంజకం (నిప్పు అంటించడానికి వేసే మెత్తటి మందు) మీద రాలతాయి. రంజకం భగ్గుమని, బ్యారెల్ పక్కనున్న సన్నని రంధ్రం గుండా లోపలి మందును అంటిస్తుంది. 17వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్సులో రూపుదిద్దుకున్న ఈ ఏర్పాటు రెండు వందల ఏళ్లకు పైగా సైన్యాలకు పనికివచ్చింది. 1759లో ఫ్రెంచివారి నుంచి మచిలీపట్నం కోటను కర్నల్ ఫోర్డ్ పట్టుకున్నప్పుడు రెండు పక్షాల సిపాయిల చేతుల్లోనూ ఉన్నవి ఈ జాతి తుపాకులే.

వాళ్లవి ఎక్కువగా నున్నటి బ్యారెల్ ఉన్న మస్కెట్లు. మనం మాట్లాడుతున్నది రైఫిల్, అంటే బ్యారెల్ లోపల మెలితిరిగిన గాడులు ఉన్నది. రీప్రొడక్షన్ అంటే పాత నమూనాను కొత్త ఉక్కుతో చేసినది. అది బొమ్మ కాదు. పాయింట్ 50 క్యాలిబర్ (బ్యారెల్ లోపలి వ్యాసం అర అంగుళం) గుండు దాదాపు పదకొండున్నర గ్రాముల సీసం. నూరు మీటర్ల అవతల కూడా అది మనిషి ప్రాణం తీయగలదు.

పాతకాలం నమూనా కదా, దీనికి లైసెన్సు అక్కర్లేదంటారు. నిజమేనా?

కాదు. ఈ అపోహ అమెరికా వీడియోల నుంచి వచ్చింది. అక్కడి 1968 నాటి ఫెడరల్ చట్టం ఫ్లింట్‌లాక్‌లను, వాటి నకళ్లను మామూలు తుపాకుల లెక్కలో చేర్చలేదు. మన 1959 ఆయుధాల చట్టంలో అలాంటి సడలింపు లేదు.

మన చట్టంలో 45వ సెక్షన్ కింద పాత ఆయుధాలకు ఒక మినహాయింపు ఉన్న మాట నిజమే. అయితే దాన్ని చివరిదాకా చదవాలి. పాతబడిన నమూనా అయినా, పురావస్తు విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాని స్థితిలో ఉంటేనే మినహాయింపు. మీరు కొనాలనుకుంటున్నది కాల్చడానికే కాబట్టి అది అక్కడే తేలిపోయింది. లైసెన్సు కావాలి.

ఆ లైసెన్సు ఎవరిస్తారు? ఏమని అడగాలి?

విజయవాడ పోలీసు కమిషనరేట్ పరిధిలో ఉంటే పోలీసు కమిషనర్, గుంటూరు జిల్లాలో ఉంటే జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టర్. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలి, దాని మీద స్థానిక పోలీసు స్టేషన్ నుంచి విచారణ నివేదిక వెళుతుంది. వయసు 21 నిండాలి. ఆయుధాన్ని భద్రంగా వాడడంలో శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం ఉండాలి. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది, ఒక్కరి దగ్గర ఉండదగిన తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. మీ పేరున ఇప్పటికే రెండు ఉంటే ముందు ఒకదాన్ని వదులుకోవాలి.

అసలు చిక్కు ‘ఎందుకు’ అన్న గడిలో ఉంది. చట్టంలోని 13వ సెక్షన్ కొన్ని అవసరాలను పేరుపెట్టి గుర్తించింది. ఆత్మరక్షణకో క్రీడకో ఇరవై అంగుళాలకు తగ్గని బ్యారెల్ ఉన్న నున్నటి గొట్టపు తుపాకి, పంట కాపాడుకోవడానికి మూతి నుంచి మందు దట్టించే తుపాకి, గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్బు సభ్యుడి గురి సాధనకు పాయింట్ 22 రైఫిల్ లేదా ఎయిర్ రైఫిల్. గాడులున్న ఫ్లింట్‌లాక్ టార్గెట్ రైఫిల్ ఈ మూడింటిలోనూ ఇమడదు. కాబట్టి అది మిగిలిన సందర్భాల కిందకు వస్తుంది, అక్కడ ‘తగిన కారణం’ ఉందని అధికారికి నమ్మకం కుదరాలి. క్లబ్బు సభ్యత్వం, కొన్నాళ్ల పోటీ రికార్డు, ఎక్కడ కాలుస్తారో చెప్పే రేంజి అనుమతి చేతిలో ఉంటే మాట్లాడడానికి ఏదో ఒకటి ఉంటుంది. ‘చరిత్ర మీద ఆసక్తి’ అని ఒక్క ముక్క రాసి పంపితే పని జరుగుతుందని నేను అనుకోను.

మా నాన్నగారికి పంట రక్షణ కోసం ఇచ్చిన నాటు తుపాకి లైసెన్సు ఉంది. దాని మీదే కొనవచ్చా?

కొనకూడదు. ఆ లైసెన్సు ఆయన పేరున, ఆ తుపాకికి, ఆ పనికి ఇచ్చినది. గురి సాధనకు వాడడం కూడా షరతు దాటడమే.

మా తాతగారి కాలం నాటి తుపాకి గోడకు వేలాడుతోంది. ఒక్కసారి కాల్చి చూడవచ్చా?

వద్దు. ఇందులో రెండు ప్రమాదాలున్నాయి, చట్టానిది చిన్నది. మూతి నుంచి దట్టించే పాత తుపాకుల్లో తరాల నాటి మందు, గుండు అలాగే ఉండిపోయినవి అప్పుడప్పుడు బయటపడుతుంటాయి. లోపల తడి తగలకుండా ఉంటే ఆ మందు ఇప్పటికీ పేలుతుంది. బ్యారెల్ లోపలి తుప్పు బయటికి కనిపించదు. ముందు ఒక సన్నని కర్ర పుల్లను మూతి నుంచి అడుగుదాకా దించి గుర్తు పెట్టండి, దాన్ని బ్యారెల్ పక్కన ఆనించి చూడండి. బ్యారెల్ పక్కనున్న రంధ్రం దాకా పుల్ల చేరకపోతే లోపల ఏదో ఉన్నట్టే. అప్పుడు దాన్ని కదపకుండా పోలీసులకు చెప్పడం మంచిది. పుల్ల అడుగుదాకా చేరినా కాల్చవద్దు, లైసెన్సు ఉందో లేదో ఇంట్లో కాగితాలు వెతకండి.

అలంకరణ కోసం అమ్మే ఫ్లింట్‌లాక్ నకలు కొని, రంధ్రం వేయించుకుంటే?

ఈ ప్రశ్న వినగానే ఆటోనగర్ గుర్తుకొస్తుంది. అక్కడ లేత్ మీద చేయలేని పని లేదని మన నమ్మకం. కానీ నకిలీ తుపాకిని కాల్చగలిగేలా మార్చడం లైసెన్సు లేకుండా చేస్తే ఆయుధాల చట్టం 6వ సెక్షన్ కింద నేరం. చేయించినవాడు, చేసిన మేస్త్రీ ఇద్దరూ ఇరుక్కుంటారు.

చట్టం సంగతి పక్కన పెట్టినా, అలంకరణ వస్తువు బ్యారెల్‌ను పీడనం తట్టుకునేలా చేయరు. మన దేశంలో తయారై, రంధ్రం వేయకుండా విదేశాలకు ఎగుమతి అయ్యే మస్కెట్లు చాలానే ఉన్నాయి. చారిత్రక యుద్ధ ప్రదర్శనలు చేసే బృందాలు అక్కడ వాటిని కొంటాయి. అవి ప్రూఫ్ పరీక్ష (బ్యారెల్ పీడనం తట్టుకుంటుందో లేదో అధికారికంగా కాల్చి చూసే పరీక్ష) దాటి రావు కాబట్టి వాటితో గుండు కాల్చాలా వద్దా అన్న వాదన అక్కడి షూటర్ల మధ్య ఏళ్ల తరబడి నడుస్తోంది. ఆ వాదనలో నేను వద్దనేవారి పక్షం. ప్రూఫ్ ముద్ర లేని బ్యారెల్‌కు చెంప ఆనించి కూర్చోవడం నాకు సమ్మతం కాదు.

మా పెద్దబ్బాయి డాలస్‌లో ఉంటున్నాడు. సంక్రాంతికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెస్తానంటున్నాడు.

వద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. తుపాకుల దిగుమతి మన దగ్గర చాలా ఏళ్లుగా కట్టడిలో ఉంది. తగిన స్థాయి అందుకున్న క్రీడా షూటర్లలాంటి కొద్దిమందికే, అదీ ముందే అనుమతులు తీసుకుంటేనే వీలవుతుంది. మూతి నుంచి దట్టించే తుపాకులకు కస్టమ్స్ పట్టికలో 9303 10 అని ప్రత్యేకంగా ఒక పద్దే ఉంది. ‘ఇది తుపాకి కాదండీ’ అనే వాదన కౌంటర్ దగ్గర నిలవదు. బ్లాక్ పౌడర్‌ను విమానంలో ఏ బ్యాగులోనూ అనుమతించరు.

దీనికి మంచి దారి ఇంకొకటి ఉంది. మీరే అక్కడికి వెళ్లినప్పుడు కాల్చి రండి. అమెరికాలో మూతి నుంచి దట్టించే తుపాకుల జాతీయ సంఘం 1933 నుంచీ ఉంది, ఇండియానా రాష్ట్రంలో ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊళ్లో దాని రేంజి. బ్రిటన్‌లో అలాంటి సంఘం 1952లో మొదలైంది. ఈ ఆట ఆడేవాళ్లు సాధారణంగా కొత్తవాళ్లను చూస్తే సంబరపడి తమ రైఫిలే చేతికిస్తారు. అబ్బాయి అక్కడే కొనుక్కుని ఉంచుకుంటానంటే అక్కడి రాష్ట్ర చట్టం, తన వీసా షరతులు ముందు చూసుకోవాలి. టెక్సాస్‌లో చెల్లే పద్ధతి న్యూజెర్సీలో చెల్లదు.

సరే, కాగితాలు కుదిరాయి అనుకుందాం. ఏది కొనాలి?

గురికి కాల్చే ఫ్లింట్‌లాక్‌లు చేసే కంపెనీల్లో అందరికీ తెలిసిన పేరు పెడెర్సోలి. ఇటలీలో బ్రెషా దగ్గర గార్దోనె వాల్ ట్రోంపియాలో 1957లో మొదలైంది. తుపాకుల తయారీకి శతాబ్దాల పేరున్న లోయ అది. ఆ ఊళ్లోనే ప్రూఫ్ హౌస్ ఉంది, కాబట్టి అక్కడి బ్యారెల్ మీద పరీక్ష ముద్ర ఉంటుంది. కెంటకీ, పెన్సిల్వేనియా రకాలు పొడవుగా సన్నగా ఉంటాయి. జర్మన్ యేగర్ నమూనా పొట్టిగా, బరువుగా ఉంటుంది. మోర్టిమర్ టార్గెట్ అచ్చంగా పోటీల కోసం చేసినది. అమెరికా దుకాణాల్లో ధరలు సుమారుగా వెయ్యి డాలర్ల నుంచి రెండు వేల దాకా ఉంటాయి. దిగుమతి ఖర్చు, సుంకం వేరు.

చెక్కడం పనితనం, ఇత్తడి తళుకు చూసి మోసపోకండి. డబ్బు పెట్టవలసింది లాక్ మీద, అంటే కాక్, ఫ్రిజెన్, పాన్ ఉన్న యంత్రభాగం మీద. ఫ్రిజెన్ మెత్తగా ఉంటే రవ్వలు రావు, రవ్వలు రాకపోతే మిగతాదంతా గోడకు పనికివచ్చే సామాను. వాడినది కొంటున్నట్లయితే ఫ్రిజెన్ ముఖం మీద లోతైన గీతలు పడ్డాయేమో చూడండి. రంధ్రం అరిగి పెద్దదైతే మంట పక్కకు ఎక్కువగా చిమ్ముతుంది. చాలా రైఫిళ్లలో రంధ్రం చుట్టూ ఉన్న ముక్కను విప్పి మార్చుకోవచ్చు, అది నయం. కాక్‌ను సగం ఎత్తి హాఫ్‌కాక్‌లో పెట్టి ట్రిగ్గర్ మీద వేలు బిగించండి. జారితే ఆ రైఫిల్‌ను అక్కడే వదిలేయండి, బేరం కూడా ఆడవద్దు.

గాడుల మెలిక గురించి ఒక మాట. గుండ్రటి గుండుకు నిదానమైన మెలిక కావాలి. 48 అంగుళాలకు ఒక చుట్టు నుంచి 66 అంగుళాలకు ఒక చుట్టు దాకా ఉన్నవి చూడండి. పొడవాటి బుల్లెట్ల కోసం చేసిన బిగుతు మెలిక గుండ్రటి గుండుతో మొండికేస్తుంది. క్యాలిబర్‌లో పాయింట్ 50 సర్దుబాటుగా ఉంటుంది. ఎడమచేతివాటం వారు ఎడమవైపు లాక్ ఉన్నదే వెతకాలి, లేకపోతే పాన్ మంట ముఖం ముందే లేస్తుంది.

చెకుముకి రాయి ఎక్కడిది కావాలి?

ఇంగ్లండులో సఫోక్ ప్రాంతపు బ్రాండన్ నల్లరాయి, ఫ్రెంచి తేనె రంగు రాయి పేరున్నవి. జర్మనీలో యంత్రంతో కోసిన అగేట్ కూడా వాడతారు. అది ఎక్కువ కాలం వస్తుంది గాని నాకు చెక్కిన రాయి రవ్వలే నచ్చుతాయి. రాయిని నేరుగా దవడల్లో బిగించకూడదు, తోలు ముక్కలోనో పలుచని సీసం రేకులోనో చుట్టి బిగించాలి. అంచు ఫ్రిజెన్ వెడల్పంతా సమానంగా తాకాలి, బ్యారెల్‌ను మాత్రం తాకకూడదు.

మందు సంగతి? దీపావళి సామాను మందు పనికివస్తుందా?

రాదు. చేతులు పోతాయి. బాణసంచా మిశ్రమాల్లో ఏమేమి కలిసి ఉంటాయో, ఎంత వేగంగా పేలతాయో మీ చేతిలో ఉండదు. తుపాకి మందు అంటే నిర్ణీత పరిమాణంలో గింజ కట్టిన బ్లాక్ పౌడర్. గింజ సైజును ఎఫ్ అక్షరాలతో గుర్తిస్తారు, ఎఫ్‌లు పెరిగేకొద్దీ గింజ మెత్తన. మూడు ఎఫ్‌ల రకం బ్యారెల్‌లోకి, నాలుగు ఎఫ్‌ల మెత్తటి రకం రంజకానికి. తూటాల్లో వాడే పొగలేని మందు ఒక్క చిటికెడు కూడా ఈ తుపాకిలో పడకూడదు, బ్యారెల్ చీలిపోతుంది. బ్లాక్ పౌడర్‌కు బదులుగా అమ్మే పైరోడెక్స్ లాంటివి అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, ఫ్లింట్‌లాక్‌కు సరిపడవు.

మన దేశంలో గన్‌పౌడర్ 1884 పేలుడు పదార్థాల చట్టం, 2008 నియమాల పరిధిలో ఉంది, లైసెన్సున్న డీలర్ దగ్గరే కొనాలి. ఇంట్లో కలపడం, రైల్లో తేవడం, కొరియర్‌లో తెప్పించుకోవడం ఊసే ఎత్తకండి. ఎంత మందు వేయాలన్నది తయారీదారు పుస్తకంలో ఉంటుంది. దాన్ని పాటించండి, పక్కవాడి అనుభవాన్ని కాదు.

గుండు, దాని చుట్టూ చుట్టే గుడ్డ?

గుండు బ్యారెల్ కంటే కాస్త చిన్నది. పాయింట్ 50 బ్యారెల్‌కు సాధారణంగా పాయింట్ 490 గుండు. మధ్యలో నూనె పట్టించిన గుడ్డ గాడులను పట్టుకుని గుండును తిప్పుతుంది. గుడ్డ గట్టి నేత ఉన్న నూరు శాతం నూలుది కావాలి. పాలిస్టర్ కలిస్తే కరిగి అంటుకుపోతుంది. నూలుకు మన గుంటూరు సీమలో కొరత లేదు, మంగళగిరి పక్కనే ఉంది. గంజి పూర్తిగా పోయేలా ఉతికి, మందాన్ని కాలిపర్‌తో కొలిచి తీసుకోండి. ఇంట్లోవాళ్ల చీరల జోలికి మాత్రం పోవద్దు.

సీసం మెత్తటి స్వచ్ఛమైనదే వాడాలి. పాత బ్యాటరీల సీసం కరిగించకండి, అందులో కలిసిన లోహాల నుంచి విషవాయువులు రావచ్చు. గుండ్లు సొంతంగా పోసుకోవాలనుకుంటే లైసెన్సు అధికారిని అడగకుండా మొదలుపెట్టవద్దు, మందుగుండు తయారీకి కూడా చట్టం లైసెన్సు అడుగుతుంది.

కాల్చే వరుస ఎలా ఉంటుంది?

ముందు పాన్ ఖాళీగా, ఫ్రిజెన్ మీద తోలు తొడుగుతో మొదలుపెట్టండి. కొలత గిన్నెలోకి మందు తీసుకుని బ్యారెల్‌లో పోయండి. డబ్బా నుంచి నేరుగా పోయడం ఎన్నడూ చేయకూడదు, లోపల నిప్పు కణిక మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలో పేలుతుంది. తరువాత గుడ్డ, గుండు. కడ్డీతో గుండును మందు మీద ఆనేదాకా దించాలి. మధ్యలో ఆగిపోయి ఖాళీ మిగిలితే బ్యారెల్ ఉబ్బడమో పగలడమో జరుగుతుంది. అందుకే కడ్డీ మీద గీత పెట్టుకుంటారు, ప్రతిసారీ ఆ గీత మూతి దగ్గరికి రావాలి. ముఖం, అరచెయ్యి మూతికి ఎదురుగా ఉండకూడదు. ఫైరింగ్ లైన్ మీదికి వచ్చాకే, మూతి లక్ష్యం వైపు ఉన్నప్పుడే, రంజకం వేయాలి. కొద్దిగా చాలు, పాన్ నింపవలసిన పని లేదు.

కళ్లద్దాలు, చెవులకు రక్షణ తప్పనిసరి. రంధ్రం నుంచి మంట పక్కకు చిమ్ముతుంది, కాబట్టి కుడివైపు ఎవరినీ నిలబెట్టకండి.

లక్ష్యం మీదే పెట్టి నొక్కుతున్నాను, గుండు ఎక్కడికో పోతోంది. రైఫిల్ లోపమా?

చాలావరకు కాదు. పాయింట్ 22 రైఫిల్‌లో ట్రిగ్గర్ నొక్కడం, గుండు బయలుదేరడం ఒకే క్షణంలో జరిగినట్టుంటాయి. ఇక్కడ రాయి దూకాలి, రవ్వలు రాలాలి, రంజకం మండాలి, లోపలి మందు అంటుకోవాలి. అంతా కలిసి కన్నుమూసి తెరిచేంతే అయినా, కంటికి కొద్ది అంగుళాల దూరంలోనే ఒక మంట లేస్తుంది. శరీరం ఆ మంటను చూసి ముడుచుకుంటుంది. గుండు ఇంకా బ్యారెల్‌లో ఉండగానే భుజం కదిలిపోతుంది, తల లేస్తుంది.

ఈ ఆట మొత్తం ఆ వ్యవధిలోనే ఉంది. మంచి షూటర్ ట్రిగ్గర్ నొక్కాక కూడా ముందు సైట్‌నే (మూతి దగ్గరి గురి గుర్తును) చూస్తూ ఉంటాడు. పొగ కమ్మేదాకా, వీలైతే కమ్మాక కూడా, గురి వదలడు. దీన్ని ఖాళీగా సాధన చేయవచ్చు. రాయి స్థానంలో అదే కొలత చెక్క ముక్క బిగించి, ముక్క ఫ్రిజెన్‌కు తగిలిన తరువాత మనసులో ఒకటి, రెండు అనుకునేదాకా సైట్ కదలకుండా నిలపండి. విసుగు పుట్టించే పని. కానీ కొత్త లాక్, ఖరీదైన రాయి, ఇంపోర్టెడ్ మందు మీద డబ్బు తగలేసేవాళ్ల కంటే ఈ విసుగును భరించినవాళ్ల టార్గెట్ కాగితాలే బాగుంటాయి.

పాన్ వెలిగింది, తుపాకి పేలలేదు. ఏం చేయాలి?

కదలకండి. మూతి లక్ష్యం వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి. లోపల నిప్పు నిదానంగా పాకి ఆలస్యంగా పేలవచ్చు. ఆ తరువాత సన్నని తీగతో రంధ్రం శుభ్రం చేసి, మళ్లీ రంజకం వేసి కాల్చండి. మందు పోయడం మరిచి గుండు మాత్రమే దించడం అందరికీ జరిగేదే. అలాంటప్పుడు రేంజి అధికారిని పిలిచి, గుండును బయటికి లాగే పనిముట్టు వాడండి.

మన ఎండకు, తేమకు ఇది తట్టుకుంటుందా?

తుపాకి తట్టుకుంటుంది. సమస్యంతా మందు మసిది. బ్లాక్ పౌడర్ కాలాక మిగిలే లవణాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కృష్ణ ఒడ్డున వానాకాలం రాత్రి శుభ్రం చేయకుండా వదిలేస్తే తెల్లారేసరికి బ్యారెల్ లోపల తుప్పు ఎర్రగా కనిపిస్తుంది. రోహిణి కార్తెలో కథ వేరు. మసి ఎండి పెంకులా గట్టిపడి, కొన్ని గుండ్లకే కడ్డీ దిగడం కష్టమవుతుంది. అప్పుడు ప్రతి కాల్పు తరువాత తడి గుడ్డ, ఆపై పొడి గుడ్డ లోపల తిప్పాలి. ముసురు రోజుల్లో పాన్‌లో రంజకం వేసి కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవద్దు. వేసిన వెంటనే కాల్చాలి.

శుభ్రం చేయడానికి ఖరీదైన ద్రావకాలు అక్కర్లేదు, నీళ్లు చాలు. ఈ మసిని కరిగించేది నీరే. ఆ తరువాత పూర్తిగా ఆరబెట్టి నూనె పట్టించండి, మర్నాడు మరోసారి గుడ్డ తిప్పి చూడండి. లాక్‌ను కూడా విప్పి తుడవాలి, చాలామంది బద్ధకించేది అక్కడే.

పోటీలున్నాయా?

ఒలింపిక్స్‌లో లేవు. అంతర్జాతీయంగా ఎంఎల్ఏఐసీ అనే సంస్థ 1971 నుంచి ఈ పోటీలను నడిపిస్తోంది. ఫ్లింట్‌లాక్ రైఫిల్‌కు నూరు మీటర్ల దూరంలో పడుకుని కాల్చే మాక్సిమిలియన్, యాభై మీటర్ల దూరంలో నిలబడి కాల్చే పెన్సిల్వేనియా విభాగాలున్నాయి. అరగంటలో పదమూడు గుండ్లు కాల్చవచ్చు, అందులో మేలైన పది లెక్కకు వస్తాయి. అసలు పాత తుపాకులకు, రీప్రొడక్షన్లకు వేర్వేరు వర్గాలు.

పొలంలో, మామిడి తోటలో కాల్చుకోవచ్చా? పెళ్లి ఊరేగింపులో?

రెండూ కుదరవు. అనుమతి ఉన్న రేంజిలోనే కాల్చాలి. వేడుకల్లో ఇతరులకు ప్రమాదం కలిగేలా కాల్చడాన్ని 2019 సవరణ నేరంగా పేర్కొంది. రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నల్లమల వైపు వేటకు తీసుకెళ్లే ఆలోచన ఉంటే 1972 వన్యప్రాణి చట్టం ఒకసారి చదవండి.

ఇంత తతంగం నా వల్ల కాదు. వేరే దారి?

పది మీటర్ల ఎయిర్ రైఫిల్. 4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్‌లో, ఇరవై జౌళ్లకు మించని శక్తి ఉన్నదానికి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. విలువిద్యలో అంతర్జాతీయ పతకాలు తెచ్చిన విజయవాడకు గురి విలువ ఎవరూ కొత్తగా చెప్పనవసరం లేదు. ఎయిర్ రైఫిల్‌లో గుండు నిదానంగా బయలుదేరుతుంది, కాబట్టి ట్రిగ్గర్ నొక్కాక నిలకడగా ఉండడం అదే నేర్పుతుంది. నిజానికి లైసెన్సు కోసం ఎదురుచూసేవాళ్లు కూడా ఈలోగా చేయవలసింది ఇదే.

ఎన్నికలప్పుడు ఈ రైఫిల్‌ను కూడా అప్పగించాలా?

అప్పగించమని ఆదేశం వస్తే అప్పగించాల్సిందే. రెండు శతాబ్దాల నాటి నమూనా అని స్టేషన్‌లో ఉపన్యాసం ఇవ్వవద్దు. ఖాళీగా ఉందని కడ్డీ వేసి చూపించండి, బ్యారెల్‌కు లోపలా బయటా దండిగా నూనె రాయండి, ఎందుకంటే అది అక్కడ ఎన్నాళ్లు ఉంటుందో మీ చేతిలో లేదు. రాయిని విప్పి ఇంట్లో దాచుకోండి. రసీదు మీద సీరియల్ నంబరు సరిగ్గా రాశారో లేదో చూసుకుని రండి.